మిరప కళ్లంలో మొగ్గ

ఆ ఊళ్లో నా ఫోనుకి సిగ్నల్ దొరికేది ఒక్క మిరప కళ్లంలోనే. గురజాల దాటి చాలా లోపలికి వెళ్లాక వచ్చే ఊరు అది. మా మేనత్త ఏటా కారానికి కాయలు కొనేది అక్కడి ఒక రైతు దగ్గర. ఆయన కూతురికి ఓణీల ఫంక్షన్ చేస్తుంటే నరసరావుపేట నుంచి అత్తను ఆమె పాత కారులోనే నేను తీసుకొచ్చాను. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఆఫీసు పని ఇంటి నుంచి చేసుకోవచ్చన్నారని ఆ ఏడాది అత్త దగ్గరే ఉంటున్నాను. షామియానా కింద మైకు మోత ఒకవైపు, సెలవు రోజున కూడా మేనేజర్ పంపే మెసేజ్‌లు ఒకవైపు. తల పగిలిపోతుంటే ఊరి చివర మెరక మీదున్న కళ్లంలోకి వెళ్లి నిలబడ్డాను.

తొలకరి పడి కొన్నాళ్లయింది. కాయలు ఆరబోసే కాలం ఎప్పుడో అయిపోయింది. ఖాళీ నేల మీద అక్కడక్కడ పచ్చిక మొలిచింది. ఫోన్ పైకెత్తి, సిగ్నల్ గీతలు చూసుకుంటూ వెనక్కి నడుస్తున్నాను. భోజనానికి పిలవడానికి నా దగ్గరికొచ్చిన అత్త నేల వైపు చూసి అరిచింది.

"కదలబోకు! కాలు అట్లానే ఉంచు!"

పామనుకున్నాను. "ఎక్కడత్తా? ఎటు పక్క?"

"నోరు మూసుకుని నిలబడవే."

అత్త కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైంది. మోకాళ్ల నొప్పులకి కుర్చీ లేనిదే ఎక్కడా కూర్చోదు. అలాంటిది పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నా మడమ పక్కన మట్టిలో చతికిలబడింది. చూస్తే అక్కడ వేలెడంత మొక్క. సన్నటి ఆకులు, వాటి మధ్య మిరియం గింజంత మొగ్గ.

"గడ్డే కదత్తా!"

"ఇది గడ్డైతే నేను గాడిదని."

చదువుకునే రోజుల్లో అత్త ఒక పెద్ద ఊరి మ్యూజియంలో, అట్టకి అతికించి దాచిన దీని ఎండు మొక్కను చూసిందట. దాన్ని సేకరించినవాళ్లు పోయి తరాలు గడిచాయి. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. ఇక భూమి మీద లేదని పుస్తకాల్లో రాసేశారు. ఏటా తొలకరి పడగానే అత్త గుట్టల వెంట తిరిగేది దీని కోసమని నాకు అప్పుడు తెలిసింది. మా ఇంట్లో అందరం ఆమెకు నడక పిచ్చి అనుకునేవాళ్లం.

"అదేనంటావా?"

"పువ్వు విచ్చుకుంటే గానీ చెప్పలేను. దీని అక్కచెల్లెళ్లు చానా ఉన్నాయి, ఆకు చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. రేపు పొద్దునకి విచ్చుద్దేమో."

ఇంతలో మమ్మల్ని వెతుక్కుంటూ రైతు బాబాయ్ వచ్చాడు, కొత్త తెల్ల చొక్కా ఫెళఫెళలాడించుకుంటూ.

"ఏంది అక్కాయ్, అన్నాలకి రమ్మంటే ఈడ గడ్డి మేస్తన్నారా?"

అత్త విషయం చెప్పింది. ఆయన తల గోక్కుంటూ కళ్లం అంచుకి చూపించాడు. అక్కడ నాపరాళ్లు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి.

"రేపు పొద్దున్నే మేస్త్రీ వస్తన్నాడు. మట్టిలో ఆరబోస్తే కాయకి దుమ్ము పడతంది, కొనేవాడు ముఖం తిప్పుకుంటన్నాడు. ఈ ఏడు కళ్లమంతా బండలు పరిపిస్తన్నా."

నాకు ఒక్కసారిగా మండింది. "ఆ పని చేశారంటే ఇప్పుడే ఫారెస్ట్ ఆఫీసుకి ఫోన్ చేస్తాను. వీడియో తీసి పెడతాను. మీ కళ్లం సంగతి ఊరూరా తెలిసిపోతుంది, చూసుకోండి!"

ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఫారెస్టోళ్లా? నా కళ్లంలోకా? వాళ్లొచ్చి కంచె పాతి, నా భూమిలోకి నన్నే రావద్దంటే నువ్వొచ్చి అడ్డం పడతావా అమ్మాయ్? మొక్కంటూ ఉంటేగా ఫోన్ చేసేది!"

వంగి, మొక్క మొదట్లో వేళ్లు పెట్టాడు. నేను కెవ్వుమన్నాను. అత్త మాత్రం ఆయన చెయ్యి పట్టుకోలేదు.

"పీకు తమ్ముడూ. నీ భూమి, నీ ఇష్టం. కాకపోతే పువ్వు చూసి పీకు."

"ఏముందంట ఆ పువ్వులో?"

"నాకూ తెలవదు. బతికున్న పువ్వుని చూసినోళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. రేపు చూస్తే మనమే."

ఆయన మొక్క మొదట్లోంచి వేళ్లు తీశాడు. తర్వాత లేచి చేతులు దులుపుకున్నాడు.

"మేస్త్రీని ఆ చివర నుంచి మొదలెట్టమంటా. మజ్జాన్నం దాకా చూడండి, అంతే." నా వైపు తిరిగి, "నువ్వు ఆ ఫోన్ లోపల పెట్టు తల్లీ, నీకు దణ్ణం పెడతా" అన్నాడు.

మేకలు కొరుకుతాయని బాబాయ్ వాళ్లమ్మ కోళ్ల గంప తెచ్చి మొక్క మీద బోర్లించింది. మేం ఆ పూటకి వాళ్లింట్లోనే ఉండిపోయాం.

తెల్లారాక, ఫంక్షన్‌కి వచ్చి ఆగిపోయిన చుట్టాలు కూడా మా వెనకే కళ్లానికి వచ్చారు. బాబాయ్ గంప ఎత్తాడు.

మొగ్గ విచ్చుకుంది. చొక్కా గుండీ కన్నా చిన్న పువ్వు. బాగా ఎండిన మిరపకాయ రంగు. రేకులు విడివిడిగా లేచి, పైన కొసలు మళ్లీ కలుసుకుని చిన్న పంజరంలా ఉంది. అంచుల్లో సన్నటి నూగు. గాలి లేదు, అయినా ఆ నూగు వణుకుతోంది. మాట్లాడుకుంటూ వచ్చినవాళ్లంతా చుట్టూ చేరి వంగారు.

అత్త మట్టిలో మోకరిల్లి ముఖం దగ్గరికి పెట్టింది. ఆమె కళ్లకి శుక్లాలు, ఆపరేషన్ వాయిదా వేస్తూ వస్తోంది. "ఎర్ర చుక్కలాగా కనబడతంది, అంతేనే" అంది చిన్న పిల్లలా. నేను నేల మీద బోర్లా పడుకుని ఫోటో తీసి, పెద్దది చేసి ఆమె చేతిలో పెట్టాను. రేకుల కొసలు, వాటి మీది చారలు, లోపలి పసుపు. ఒక్కొక్కటీ వేలితో జరుపుకుంటూ చూసింది.

"అదేనా అత్తా?"

తల ఊపింది. కన్నీళ్లు ఫోన్ అద్దం మీద పడ్డాయి.

బాబాయ్ వాళ్లమ్మ వంగి ముక్కు పెట్టి చటుక్కున వెనక్కి జరిగింది. "ఓయమ్మో, చచ్చిన ఎలక కంపు! దీనికోసమా నా కోళ్లని గంప లేకుండా చేసింది?"

అందరూ పగలబడి నవ్వారు. అత్త ఏడుస్తూనే నవ్వింది. "ఆ కంపుకే ఈగలొస్తాయి పిన్నీ. ఈగలొస్తేనే అది కాయ కాసేది."

ఆమె అంటుండగానే ఆవగింజంత ఈగ ఒకటి పువ్వు చుట్టూ తిరిగి, ఆ పంజరంలోకి దూరింది. ఎవరూ చూడకపోయినా, పేరు పెట్టి పిలవకపోయినా, లేదని తేల్చి కొట్టేసినా, ఈ పని ఏటా ఇక్కడ జరుగుతూనే ఉంది. నేను పుట్టకముందూ జరిగింది. అత్త గుట్టలన్నీ గాలిస్తున్నప్పుడూ జరిగింది.

బాబాయ్ ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు.

"నా పొలమంతా ఎందుకు లేదక్కాయ్ ఇది? ఈడే ఎందుకుంది?"

"పొలం దున్నుతావు, గడ్డి మందు కొడతావు. కళ్లం దున్నవుగా."

"మా తాత కాడ్నుంచీ ఈడ నాగలి పెట్టలా" అన్నాడు మెల్లగా.

"వానకి లేస్తది. కాయ కోతల్లోపు పైదంతా ఎండి, దుంప ఒక్కటే లోపల మిగులుద్ది. మీరు పైన మిరపకాయలు పోస్తారు, అది కింద నిద్రపోద్ది."

అవతలి చివర బండ మీద బండ పడి ఖంగుమంది. బాబాయ్ అటు తిరిగి చెయ్యెత్తాడు.

"మేస్త్రీ! ఆ సగంతో ఆపెయ్! ఇటు రాబోకు!"

"మిగతా బండలేం చెయ్యమంటావ్?"

"నీ నెత్తిన పెట్టుకో!" అని, కాస్త ఆగి, "ఈ మట్టి సగం చుట్టూ కంచెకి నిలబెట్టు, మేకలు రాకుండా" అన్నాడు.

నేను సంతోషం పట్టలేక ఫోటో ఫ్రెండ్స్‌కి పంపబోతుంటే ఆయన నా భుజం మీద నుంచి తొంగిచూశాడు.

"లొకేషన్ ఆఫ్ చేశావా?"

నోరు తెరుచుకుని చూశాను.

"ఏంది అట్ట చూస్తావ్? మాకూ ఉన్నై ఫోన్లు. ఊరి పేరు బయటికి రాకూడదు, చెప్తన్నా."

అత్త మాటిచ్చింది. తన తోటి శాస్త్రవేత్తలకి ఫోటోలు పంపినప్పుడు పల్నాడు అని మాత్రమే చెప్పింది.

కాయల కాలంలో మళ్లీ వెళ్లాం. సగం కళ్లం బండల మీద, సగం మట్టి మీద, అంతా ఎర్రగా పరుచుకుని ఉంది. బాబాయ్ వాళ్లమ్మ మిరపకాయల్లోకి దిగి కాళ్లతో తిరగేస్తోంది. మొక్క ఉన్న చోటికి రాగానే నేను ఆగలేకపోయాను.

"అవ్వా, అక్కడ మెల్లగా!"

"నేను కాపరానికి వచ్చిన కాడ్నుంచీ తొక్కుతానే ఉన్నా. నువ్వేందే కొత్తగా?"

అయినా మెల్లగానే అడుగేసింది.

అత్త మాత్రం ఆ రోజు నుంచి సరిగ్గా నిద్రపోలేదు. సగం బండలు పరిచారు, నీళ్లు పారే దారి మారింది, దుంప బతికుందో కుళ్లిందో అని. మళ్లీ తొలకరి పడ్డాక ఒక పొద్దున, మేం కాఫీ తాగుతుంటే నా ఫోన్ మోగింది. బాబాయ్ దగ్గర నుంచి ఒక మసక ఫోటో. తడి మట్టి, ఆయన కాలి బొటనవేలు, దాని పక్కన సన్నటి ఆకులు. కింద ఒక వాయిస్ మెసేజ్. అత్త వినాలని స్పీకర్‌లో పెట్టాను.

"లేచిందక్కాయ్. ఆ అమ్మాయికి చెప్పు, లొకేషన్ ఆఫ్ చేసే తీశా."