నేను కడిగిన మొదటి చెవి

ఎనభైల మొదట్లో, మెడిసిన్ నాలుగో ఏట, నన్ను నెల రోజులు చెవి, ముక్కు, గొంతు విభాగంలో వేశారు. మా నాన్నగారు పోర్టులో ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చినవారు. పుస్తకాల పురుగునని ఇంట్లో నాకు పేరు. చెవి లోపలి ఎముకల్ని కళ్లు మూసుకుని గీసేదాన్ని గాని, రోగి చెవి మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు.

ఓపీలో ఒక పెద్ద సిస్టరమ్మ ఉండేది. గుబిలి గట్టిపడ్డ చెవుల్లో నీళ్లు కొట్టి శుభ్రం చేయడం మాకు నేర్పేది ఆవిడే. సిరంజి ఇత్తడిది, జానెడు పొడుగు. దాన్ని చూడగానే హోళీ పిచికారీలా అనిపించి నవ్వొచ్చింది.

"ఏటమ్మా నవ్వుతన్నావ్? కూకో. ముందు నీ సెవే."

కుళాయి నీళ్లు పట్టి మెల్లగా నా చెవిలోకి వదిలింది. గది గిర్రున తిరిగింది. రెండు చేతులతో బల్ల పట్టుకున్నాను.

"తెలిసిందా? నీళ్లు ఒంటి వేడికి సమంగా ఉండాలి. సల్లగున్నా, మరీ వేడిగున్నా పేషెంటుకి ఇలాగే తిరుగుద్ది."

ఆ పాఠం ఏ పుస్తకమూ నాకంత బాగా చెప్పలేదు.

మర్నాడు మల్కాపురం నుంచి ఒకాయన భార్యతో వచ్చాడు. పోర్టులో క్రేను కొక్కేనికి సరుకు తగిలించే పని. నెలన్నరగా చెవులు దిబ్బళ్లు. పైనుంచి వేసే కేక వినబడక, పనిలోంచి తీసేస్తారని బెంగ. వారం కిందట డాక్టరుగారు చూసి, చెవుల నిండా గుబిలేనని, మెత్తబడడానికి చుక్కలిచ్చి పంపారు. భర్త తరఫున భార్యే మాట్లాడింది, వరండా అంతా వినబడేలా.

"అరిసి అరిసి నా గొంతు పోతంది డాక్టరమ్మా!"

సిస్టరమ్మ సిరంజి నా చేతికిచ్చింది. నీళ్ల వేడి మణికట్టు మీద చూసుకున్నాను. ఆయన భుజం మీద తువ్వాలు కప్పి, చెవి కింద ట్రే భార్య చేత పట్టించాను. చెవి డొప్పని పైకి, వెనక్కి లాగి, నీళ్లు చెవి రంధ్రం పైగోడకు తగిలేలా వదిలాను. ఉత్త నీళ్లే తిరిగొచ్చాయి. రెండోసారీ అంతే. సిస్టరమ్మ వంక చూశాను.

"భయపడకు. కాస్త పైకి," అంది సిస్టరమ్మ.

మూడోసారి చింతగింజంత నల్లటి ముద్ద టప్పున ట్రేలో పడింది.

ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు. "ఆ ఫ్యానేటి, అలా గోల సేత్తంది?"

"ఇనబడతందా?" అని భార్య గొంతెత్తి అరిచింది.

"ఎందుకే ఆ అరుపు? నానేటి, సెవిటోడినా?"

వరుసలో కూర్చున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను సిగ్గు మరిచి గట్టిగా నవ్వేశాను. రెండో చెవి ఒక్క సిరంజి నీళ్లతోనే శుభ్రమైపోయింది. సిస్టరమ్మ లైటు వేసి చూసి, కర్ణభేరులు బాగున్నాయంది. ఆయన మాత్రం లేవలేదు. గుబిలి కాగితంలో చుట్టి ఇమ్మన్నాడు.

"మావోళ్లకి సూపించాలి. లేపోతే నమ్మరు."

చూపించినట్టే ఉన్నాడు. మరుసటి సోమవారం పోర్టు నుంచి ముగ్గురు వచ్చి, నీళ్లు కొట్టే డాక్టరమ్మ కోసం అడిగారు. ఇద్దరికి నిజంగానే గుబిలి ఉంది. చుక్కలిచ్చి వారానికి రమ్మన్నాం. మూడోవాడి చెవులు అద్దంలా ఉన్నాయి.

"నీకేటయ్యిందయ్యా?" అంది సిస్టరమ్మ.

"నాకేటీ లేదండి. నా మాట ఇనడు, సెవులు సూపించుకొమ్మని మా ఆడది పంపింది."

"దానికి మా దగ్గర మందు లేదు, ఎల్లు," అని ఆవిడ చీటీ తిరిగిచ్చేసింది.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళుతూ పక్కవాళ్ల చెవుల వంక చూస్తూ కూర్చున్నాను. నా చేతులకు ఒక పని వచ్చింది. ఆ సంతోషంతో దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయాను.