నల్లరంగు కింద మూడు చుక్కలు

ఆయన పేరు అడగలేదు. కూకట్‌పల్లి నుంచి ఖాజాగూడ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నాడు, గోళ్ళ నిండా గ్రీజు.

నా ఒళ్ళో సంచిలో మా పాత అంబాసిడర్ కోసం కొన్న ఆల్టర్నేటర్ ఉంది. పాతది బ్యాటరీని ఛార్జ్ చేయట్లేదని మా మెకానిక్ యాదగిరి వారం కిందటే విప్పి పట్టుకెళ్ళాడు. "రిపేర్‌ది వద్దన్నా, అమ్మ కూసునే బండి. కొత్తదే ఏద్దాం" అని తనే ఎంచి ఇచ్చాడు.

"జర చూడొచ్చా?" అంటూ పెద్దాయన దాన్ని తీసుకుని, పుల్లీ తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తాళంచెవితో నల్లరంగు గీకాడు.

"కొత్తదని ఇచ్చిండ్రా బిడ్డా? గిది పాతదే, రంగేసిండ్రు. ఎవరో బొట్లు గూడ పెట్టుకున్నరు, సూడు."

మూడు ఎర్రచుక్కలు. కుంకుమ నిలవదని మా అమ్మ దసరా పూజకి గోళ్ళరంగుతో పెట్టిన బొట్లు.

కోపం కన్నా ముందు సిగ్గేసింది. ఆయన దాన్ని మళ్ళీ సంచిలో వేసి, మూతి ముడేసి, మెల్లగా నా ఒళ్ళో పెట్టాడు.

ఆ దసరా నాడు అమ్మ వంగి బొట్లు పెడుతుంటే, ఆమె తల మీద పడకుండా బానెట్ ఎత్తి పట్టుకుని నిలబడింది యాదగిరే.