రెండు గంటల వంకాయ కూర

మా ధవళేశ్వరం ఇంట్లో ఒక పాత కంప్యూటరును వీడియోల సర్వరుగా మార్చి, చుట్టాల పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ అన్నీ దాంట్లోకి ఎక్కించాను. టీవీలో జాబితా తెరిచి కావలసింది నొక్కితే చాలు. ఆ జాబితా సర్దడం నాకొక పిచ్చి. ప్రతి వీడియోకీ సంవత్సరం, సందర్భం, ఊరు, ఆ వరసలోనే పేరుండాలి. మా ఆవిడ మాత్రం తన వంటల వీడియోలకు ఇష్టమొచ్చిన పేర్లు పెట్టుకునేది. వంకాయ పేరెత్తితేనే నాకు కంపరం కాబట్టి అటువైపు పోయేవాణ్ణి కాదు.

డిస్కు నిండిపోయి, ఏది చెరిపేద్దామా అని నేను తల పట్టుకున్న రోజుల్లో కొవ్వూరు నుంచి మా అత్తగారు ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, ఆదివారం మా చెల్లెల్ని తీసుకుని వస్తున్నానండి. మా పెళ్ళి వీడియో తీసేసి ఉంచండి."

మనం తలుపూ తీస్తాం, బీరువాలోంచి చీరా తీస్తాం, అడ్డంగా ఉన్న చెత్తా తీసేస్తాం. ఆవిడ చీర లెక్కన చెప్పారు. నేను చెత్త లెక్కన విన్నాను. నా ఇబ్బంది తెలిసి త్యాగం చేస్తున్నారనుకున్నాను. నా కళ్ళు చెమర్చాయి కూడా. ఒక్క నొక్కుతో వీడియో పోయింది.

ఆదివారం అక్కచెల్లెళ్ళిద్దరూ టీవీ ముందు కూర్చున్నారు.

"తీశారాండీ?" అన్నారు అత్తగారు.

"ఆ రోజే తీసేశానండి," అన్నాను గర్వంగా.

"ఇంకేం, పెట్టండి మరి."

"ఎక్కడ పెట్టమంటారండీ?"

"ఎక్కడేంటండీ, టీవీలో! మా నాన్నగారు నవ్వుతూ కనిపించేది అందులో ఒక్కదాంట్లోనేనండి. మా చెల్లి చూసి ఎన్నాళ్ళయిందో."

ఆ పెళ్ళి అసలు క్యాసెట్టు ఎప్పుడో బూజు పట్టి పోయింది. మిగిలింది సర్వరులో ఉన్నదే. నిజం చెప్పేశాను. "పోన్లెండి" అన్నారావిడ, చిన్న గొంతుతో. తిట్టినా బాగుండేది.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నా చేతిలోని రిమోటు లాక్కుని, వంటల జాబితాలో "గుత్తి వంకాయ కూర" నొక్కింది. సన్నాయి మొదలైంది. పెళ్ళిపందిట్లో మా ఆవిడ తాతగారు కండువా సర్దుకుంటూ నవ్వుతున్నారు. అత్తగారు కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నారు.

"మీ సంగతి నాకు తెలీదేంటి?" అంది మా ఆవిడ. "పెద్ద ఫైలు కనబడితే మీ చెయ్యి ఊరుకోదు. అందుకే మీరు ముట్టుకోని చోట ఇంకో కాపీ దాచాను."

ఆ జాబితా వైపు చూస్తేగా, రెండు గంటలసేపు వంకాయ కూర ఎవరు వండుతారని నాకు అనుమానం రావడానికి! డిస్కు ఎందుకు నిండిందో కూడా అప్పుడే తెలిసింది.

వాళ్ళు వెళ్ళాక ఆ వంటల జాబితా మొదటిసారి పూర్తిగా చూశాను. కాకరకాయ పులుసు, మూడు గంటల పది నిమిషాలు. కాకరకాయ కూడా నేను తినను. నొక్కాను. తెరమీద నేనే, నుదుట బాసికంతో, పక్కన మా ఆవిడ.

నా జాబితాలో మా పెళ్ళి కోసం వెతికాను. లేదు. ఎప్పుడు తీసేశానో నాకే గుర్తు లేదు.