ఊకగుట్ట దగ్గర ఒకడు

మండపేటలో వెంకటరాజు గొంతు తెలియని లారీ డ్రైవరు లేడు.

రైసుమిల్లులో అతను కాటా చూసేవాడు. ధాన్యం లారీ వెనక్కి వచ్చి కాటా పలక మీద కుదురుగా నిలబడాలి. ఒక్క చక్రం బయట ఉన్నా తూకం తప్పు. డ్రైవరుకి వెనక ఏముందో కనపడదు. కనపడేది రాజుకి. "రానీ... రానీ... కుడి కొట్టు... రానీ... హోల్డాన్!" మిల్లు మోత మీదుగా ఆ అరుపు కాలవ అవతలి గట్టు దాకా పోయేది. లారీ ఆగేది. అంత పెద్ద బండి తన మాటకి ఆగడం రాజుకి రోజూ కొత్తగానే ఉండేది.

ఆదివారాలు మిల్లుకి సెలవు. ఆ మధ్యాహ్నాలు జగన్నాథరావు గారి ఇంటర్నెట్ సెంటరులో గడిచేవి. రెండువేల అయిదో సంవత్సరం. ఊళ్ళో ఇళ్ళల్లో కంప్యూటర్లు ఇంకా తక్కువ. సెంటరులో పది ఉండేవి, ప్లైవుడ్డు అరల్లో, ఒకదానికొకటి తీగలతో కలిపి. వాటి మీద తుపాకుల ఆట. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఒక జట్టు బాంబు తెచ్చి తెరమీది ఊరికి ఈ కొసనో ఆ కొసనో పెడుతుంది. రెండో జట్టు ఆపాలి. తూటా తగిలినవాడు ఆ రౌండు అయ్యేదాకా చచ్చినట్టే. చచ్చినవాడికి చేసే పనేమీ ఉండదు. బతికున్న తన జట్టువాడి కళ్ళలోంచి చూస్తూ కూర్చుంటాడు, అంతే.

అరల మధ్య ఒకరికొకరు కనపడరు. చెవులకి పెట్టుకునే మైకులు ఆ సెంటరులో లేవు. ఉన్నది గొంతే. ఆ అయిదుగురి గొంతు రాజు.

ఆటలోని ఊరికి ఇసుక రంగు గోడలు. అందులో చోట్లకి ఆట చేసినవాళ్ళు పెట్టిన పేర్లు ఇక్కడ ఎవరి నోటా నిలవలేదు. రాజే పేర్లు పెట్టాడు. నడిమి మైదానం కాటా. జంట తలుపులు లాకులు. చీకటి సొరంగం తూము. గోడల మధ్య ఇరుకు దారి సందు. బాంబు పెట్టే చోట్లు రెండు. ఒకటి లాకుల దగ్గర. ఇంకొకటి ఊరి చివర ఇసుక కుప్ప దగ్గర. దాని పేరు ఊకగుట్ట. ఎదుటి జట్టు వినేది గాని, ఏ చోటి మాటో తెలిసేది కాదు.

"తూములో ఇద్దరు! ఒరే బుల్లబ్బాయ్, కాటా దాటకు! దాటకన్నానా!"

బుల్లబ్బాయి దాటేవాడు కాదు. వాళ్ళకి పది ఎకరాలు, ఒక ట్రాక్టరు. నాన్న మాటకి ఆగనివాడు రాజు మాటకి ఆగేవాడు. ఫొటో స్టూడియోలో పనిచేసే ఆశీర్వాదం తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ చూసేవాడు. మణిశంకర్ పురోహితుల పిల్లవాడు. వాడికి తుపాకీ చేతిలో ఉన్నా మర్యాద పోయేది కాదు.

"రాజు గారండీ, లాకుల దగ్గర ఆయనెవరో కూర్చున్నారండి."

"చంపేవాడికి ఆయనేంట్రా!" అని బుల్లబ్బాయి అరిచేవాడు. "విభూది కూడా పెట్టిరాపో!"

గెలిస్తే బుల్లబ్బాయి వెళ్ళి గోలీసోడాలు పట్టుకొచ్చేవాడు. మొదటిది రాజుకి. ఎవరూ అనుకుని పెట్టింది కాదు. అరిచి అరిచి ఎండిన గొంతు కదా అని మొదలైంది. తరవాత అదొక పద్ధతయిపోయింది.

ఐదోవాడు సుధాకర్‌కి కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. అతని అర ఖాళీ అయింది. ఆ వేసవిలో జగన్నాథరావు గారి అమ్మాయి కౌముది ఇంజనీరింగు సెలవులకి ఇంటికొచ్చి కౌంటరు దగ్గర కూర్చుంటోంది. నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటుంటే తనే అడిగింది.

"నేను రావచ్చాండి? హాస్టల్లో ఆడతాం మేము."

"రండి, దానికేముంది," అన్నాడు రాజు. పెద్దమనిషి తరహాగా అన్నాడు. ఆ అమ్మాయి రెండు రౌండ్లు ఆడి లేచిపోతుందనుకున్నాడు.

మొదటి రౌండులో ఆమె ఏమీ మాట్లాడలేదు. రెండో దాంట్లో, రాజు కాటా గురించి అరుస్తూ ఉండగా, పక్క అరలోంచి చిన్న గొంతు వచ్చింది.

"తూము. ముగ్గురు. మణీ, వెనక్కి."

పక్క మనిషిని ఉప్పు అందుకోమన్నంత మెల్లగా. మణిశంకర్ వెనక్కి వచ్చాడు. తూములోంచి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ పడ్డారు.

ఆట ఆపి ఆమె ఒక మాట చెప్పింది. "ఏమీ అనుకోకండి. ఆటలో మాత్రం అండీలు, గారులు వద్దు. ఆ మాట పూర్తయ్యేలోపు చచ్చిపోతున్నాం."

అందరూ నవ్వారు. రాజు కూడా నవ్వాడు. తరవాతి రౌండులో ఆమె అంది: "రాజూ, ఎడమ."

మిల్లు యజమాని, తోటి స్నేహితులు తప్ప అతన్ని అలా పిలిచినవాళ్ళు లేరు. తనకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది. రాజు ఎడమకి తిరిగాడు. అక్కడ మనిషి ఉన్నాడు. కాల్చాడు. ఆమె చెప్పింది నిజమైనందుకు ఒళ్ళు మండింది. రౌండు కాగానే ఆమె తల బయటికి పెట్టి "బాగా కొట్టారు రాజుగారూ" అంది. గారు మళ్ళీ వచ్చింది. మంట పోలేదు.

రెండు ఆదివారాలు గడిచాక ఒకటి గమనించాడు. అతను అరుస్తుంటే మిగతావాళ్ళూ అరిచేవారు, నవ్వేవారు, తిట్టుకునేవారు. ఆమె నోరు విప్పబోతే అరలన్నీ మూగబోయేవి. కుర్చీల కిర్రు కూడా ఆగేది. అంత మెల్లటి మాట వినాలంటే అందరూ ఊరుకోవాలి మరి. తన మాట వాళ్ళకి వినపడేది. ఆమె మాట వాళ్ళు వినేవారు. పైగా ఆమె వాడేవన్నీ అతని పేర్లే. కాటా, లాకులు, తూము, సందు. తను కట్టిన ఇంట్లో ఇంకొకరు దీపం పెడుతున్నట్టుండేది.

ఆ ఆదివారం గెలిచారు. బుల్లబ్బాయి సోడాలు తెచ్చాడు. గోలీ నొక్కి మొదటిది కౌముదికి ఇచ్చాడు. కావాలని కాదు, చెయ్యి అటే వెళ్ళింది. రెండోది రాజుకి. రాజు ఒక గుక్క తాగి పెట్టేశాడు.

"ఏంట్రా, బాలేదా?"

"ఉప్పెక్కువైంది."

"అందరిదీ ఒక బండేరా బాబూ!"

మర్నాడు మిల్లులో అతను ఒక పని చేశాడు. లారీ వెనక్కి వస్తుంటే మెల్లగా చెప్పి చూశాడు. "రానీ. కుడి. చాలు." లారీ చాలనుకోలేదు. వచ్చి కాటా గది మూల స్తంభాన్ని తాకింది. డ్రైవరు కిటికీలోంచి తల పెట్టాడు.

"ఏంటి రాజుగారూ, జపం చేస్తున్నారా? నా బండికి చెవుల్లేవండీ బాబూ!"

చుట్టూ హమాలీలు నవ్వారు. ఆ రోజంతా రాజు అవసరానికి మించి అరిచాడు.

ఆ నెలాఖరులో కాకినాడలో పోటీ. వెళ్ళేముందు మణిశంకర్ అడగనే అడిగాడు. "అక్కడ ఎవరు చెప్తారండి, రాజుగారా, కౌముదిగారా?"

ఎవరూ పలకలేదు. రాజు ఆ మౌనం లోపల తన పేరు కోసం వెతికాడు. చివరికి తనే అన్నాడు. "ఆవిణ్ణే చెప్పమనండి. మన గొంతుకి హాలు పైకప్పు ఎగిరిపోద్ది."

అలా కాదు, నువ్వే చెప్పాలి అని బుల్లబ్బాయి అంటాడనుకున్నాడు. బుల్లబ్బాయి "అదీ నిజమే" అన్నాడు.

కాకినాడ హాల్లో నియమం ఒకటుంది. చచ్చినవాడు నోరు మెదపకూడదు. చచ్చినవాడు అన్నీ చూస్తాడు కాబట్టి, చూసింది చెబితే అన్యాయం. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. వెనక అంపైరు తిరుగుతుంటాడు. పెదవి కదిలితే జట్టు ఓడినట్టే.

రెండు జట్లని ఓడించారు. మూడోది కాకినాడ కుర్రాళ్ళది, చెవులకి మైకులతో వచ్చారు. వాళ్ళతో లెక్క సమానమై చివరి రౌండుకి వచ్చింది. గెలిస్తే ఫైనలు. ఎదుటివాళ్ళు బాంబు తెస్తారు. వీళ్ళు కాపలా కాయాలి.

"రాజూ, సందు. నేను ఊకగుట్ట. మిగతావాళ్ళు లాకులు," అంది కౌముది.

మొదట్లోనే ఆశీర్వాదం పడ్డాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

రాజు సందులో చీకటి మూల కూర్చున్నాడు. అడుగుల చప్పుడు వినపడింది. ఒకడు వచ్చాడు. రాజుని చూడలేదు. ముందు నుంచే నడిచి వెళ్ళాడు. వీపు మీద బాంబు సంచి ఎర్రగా మెరుస్తోంది. ఊకగుట్ట వైపు, కౌముది వెనక్కి పోతున్నాడు.

కాల్చవచ్చు. కాల్చకపోయినా ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అన్నీ తెలుసుగా ఆవిడకి, అనుకున్నాడు రాజు. ఇదీ తెలుస్తుందిలే. నోరు మూసుకున్నాడు. లారీ వెనక్కి వస్తోంది, వెనక మనిషున్నాడు, తను అరవకుండా చూస్తూ నిలబడ్డట్టుంది.

ఊకగుట్ట దగ్గర ఒక చప్పుడు. కౌముది కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెదవులు బిగించుకుంది. అరలు లేని ఆ హాల్లో, పక్క కుర్చీలోనే, ఆమె మొహం రాజుకి కనపడింది.

బుల్లబ్బాయి, మణిశంకర్ ఒక గొంతు కోసం ఎదురు చూశారు. రాజు అందుకున్నాడు.

"మణీ, లాకులు వదలకు! బుల్లబ్బాయ్, కాటా చూడు! కదలకండి!"

హాలంతా తిరిగి చూసింది. వాళ్ళిద్దరూ అతను చెప్పినట్టే ఉన్నారు, పూర్వంలాగే. రాజుకి ఒళ్ళంతా హాయిగా అనిపించింది. బాంబు ఊకగుట్ట దగ్గరుందని తెలుసు. అందరినీ అటు పరిగెత్తించాలనీ తెలుసు. చెబితే నీకెలా తెలుసంటారు. ఆ పేరు, తను పెట్టిన పేరే, గొంతు దాటి రాలేదు. బాంబు కూత వినపడ్డాకే "ఊకగుట్ట!" అని అరవగలిగాడు. అప్పటికి దూరం ఎక్కువ, వ్యవధి తక్కువ. బాంబు పేలి తెర తెల్లబడింది.

తిరుగు బస్సులో కౌముది ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"నన్ను కొట్టినవాడు ఎటునుంచి వచ్చాడో ఇప్పటికీ తెలీట్లేదండి. సందులోంచి రాడు. సందులో మీరున్నారు కదా."

"అవునండి," అన్నాడు రాజు.

ఆమె ముందుకి తిరిగింది. పక్కన ఆశీర్వాదం కిటికీలోంచి వరిచేలు చూస్తున్నాడు. రామచంద్రపురం దాటాక, అటే చూస్తూ మెల్లగా అన్నాడు.

"చచ్చినోడికి పనేముంటది రాజూ. ఎవరో ఒకరి కళ్ళలోంచి చూడ్డమే. ఇందాక నీ కళ్ళలోంచి చూశాను."

 రాజు అతని వైపు తిరిగి అడిగాడు. "చెప్తావా?"

"చచ్చినోడు నోరు మెదపకూడదుగా," అన్నాడు ఆశీర్వాదం. నవ్వలేదు.

తరవాతి ఆదివారం కౌముది కూర్చుంటూనే అంది. "రాజుగారూ, మొన్న చివర్లో మీ గొంతు విన్నాక నాకే ధైర్యం వచ్చింది. ఇవాళ్టినుంచి మీరే చెప్పండి."

"నేనూ అదే అందామనుకుంటున్నా," అన్నాడు బుల్లబ్బాయి.

ఇన్నాళ్ళూ కోరుకున్నది చేతికొచ్చింది. రౌండు మొదలైంది. రాజు గొంతు సవరించుకున్నాడు. అంతలో పక్క అరలో ఆశీర్వాదానికి తూటా తగిలింది. తుపాకీ చప్పుడు ఆగింది, కుర్చీ వెనక్కి జరిగింది. ఇప్పుడు అతను ఎవరి కళ్ళలోంచి చూస్తున్నాడో రాజు అడగక్కర్లేదు. తెర మీద తన చూపు తనది కాదనిపించింది. అరవబోతే ఊపిరే వచ్చింది.

"రాజుగారూ, చెప్పండి!" మణిశంకర్ అరిచాడు.

"మీరు చెప్పండి కౌముదిగారూ," అన్నాడు రాజు. "నేను చూసింది చూసినట్టు చెప్తాను. అది చాలు నాకు."

 ఆ చిన్న గొంతు వచ్చింది. "ఆటలో గారు వద్దన్నాను కదా. రాజూ, సందు."

"సందు ఖాళీ. కాటా దగ్గర ఒకడు. వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు. తూము తలుపు కదిలింది. గోడ మీద నీడ."

"నీడ కూడానా!" అన్నాడు బుల్లబ్బాయి.

"నీడే. ఊకగుట్ట వైపు పోతోంది. కౌముదీ, వెనక."

ఆమె తిరిగింది. కాల్చింది. గెలిచారు.

బుల్లబ్బాయి సోడాలు తెచ్చాడు. మొదటిది కౌముదికి వెళ్ళింది. రాజు ఆ సీసా ఆమె చేతికి చేరేదాకా చూశాడు. గోలీ లోపలికి దిగడం, నురుగు పొంగడం, ఆమె తాగడం, అన్నీ చూశాడు. తరవాత తన సీసా అందుకున్నాడు. ఇంకా ఉప్పగానే ఉంది. ఈసారి పూర్తిగా తాగాడు.