సమంగా సాగిన గీత

ఆ ఏడాది మా ఆఫీసులో అప్పటికే రెండుసార్లు మనుషుల్ని తీసేశారు. సింగపూరులో ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చిన నా పాసు నా ఉద్యోగం మీద, మా ఆయన, మా అమ్మాయి ఇక్కడ ఉండటం నా పాసు మీద ఆధారపడి ఉన్నాయి. అందుకే షేర్ మార్కెట్ కాస్త పడినా మా పొదుపు లెక్క మళ్లీ చూసుకునేదాన్ని. ఉద్యోగాలు పోయే కాలమూ షేర్లు పడే కాలమూ చాలాసార్లు ఒకటే. రెండూ కలిసి వస్తే మాకేం మిగులుతుంది?

అలా హెడ్జింగ్ ఉన్న ఫండ్ల వెంట పడ్డాను. కొన్ని షేర్లు కొంటూనే, మార్కెట్ పడితే కొంత లాభం వచ్చేలా మరో పక్క ఏర్పాటు చేసుకునే ఫండ్లవి. మార్కెట్ ఎక్కితే ఇవి తక్కువ ఎక్కుతాయి, అది పడితే తక్కువ పడాలి. ఆ "పడాలి" అన్న మాటనే నేను నమ్మలేదు. ఫైనాన్స్ నేను చదువుకున్నది కాదు. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా పని. ఇంటి దగ్గరి యూ టీ స్టేషన్ నుంచి ఆఫీసున్న ఎక్స్‌పో దాకా రైల్లో అదే అలవాటుతో ఫండు పత్రాలు చదివేదాన్ని. రాబడిని ఆఖర్న చూసేదాన్ని. చెడ్డ నెలల్లో ఎంత పడింది, తేరుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది, ఖర్చుల కింద ఏటా ఎంత కోసుకుంటుంది, ఇవే ముందు. చాలా ఫండ్లకు హెడ్జింగ్ ఖర్చే రాబడిలో సగం తినేస్తోంది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి హెడ్జింగ్ ఫండు, చెడ్డ నెలల్లో కొద్దిగా పడింది. రెండోది కంపెనీలకు నేరుగా అప్పులిచ్చే ఫండు. నెలనెలా దాని విలువ చూపే గీత ఎక్కడా కిందికి వంగలేదు. నాకు దాని మీదే మనసు పోయింది.

మా ఆయన ఫోన్‌లో ఆ గీత చూసి, "ఏమోయ్, ఆస్పత్రి మానిటర్లో గీత ఇంత సమంగా ఉంటే పేషెంటు పోయినట్టు" అన్నారు.

"మీ నోటికి మంచి మాటే రాదా?"

"అమ్మా, రిలాక్స్ లా!" అంది మా అమ్మాయి ఇక్కడి సింగపూరు యాసలో, చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తకుండానే.

ఆ వారమే ఆఫీసులో నా పక్క సీటు గుంటూరు కుర్రవాణ్ణి మధ్యాహ్నం మేనేజరు గదిలోకి పిలిచారు. ఉద్యోగం పోయి, బ్యాగు సర్దుకుని బయటికొచ్చాడు. స్టేషన్ దాకా తోడు వెళ్లాను.

"పాసు కాన్సిల్ అయ్యాక ముప్పై రోజుల్లో దేశం వదిలి వెళ్లాలంట అక్కా. టాక్సు లెక్క తేలేదాకా ఆఖరి జీతం కూడా ఆపేస్తారంట. ఇంటి అద్దె అగ్రిమెంటు చూస్తే ఇంకా ఏడాదుంది. నా డబ్బంతా షేర్లలో ఉంది, మంచి రేటు చూసి అమ్ముదామనుకున్నా. ఇంకేం చూస్తాను?"

రైలెక్కగానే ఆ అప్పుల ఫండు పత్రం ఫోన్‌లో తీశాను. అన్ని నెలల లెక్కలు చూసినదాన్ని, డబ్బు వెనక్కి తీసుకునే నిబంధనలున్న పేజీని పైపైన దాటేశాను. అప్పుడు ఆ పేజీ చదివాను. మూడు నెలలకొకసారే అడగాలి. చాలామంది ఒకేసారి అడిగితే తలా కొంతే ఇస్తారు. ఆ గీత సమంగా ఉండటానికి కారణమూ అక్కడే తెలిసింది. ఆ అప్పులు రోజూ బజారులో అమ్ముడుపోయేవి కావు, వాటి విలువను ఫండు వాళ్లే అంచనా కడతారు. పడటం లేదని కాదు, పడిందో లేదో మనకు కనపడదు. అందరూ భయపడిన రోజునే నాకూ ఆ డబ్బు కావాలి, ముప్పై రోజుల్లో కావాలి.

ఇంటికెళ్లి, రెండో ఫండు వద్దన్నాను.

"ఆ హెడ్జింగ్‌ది పడుతుందిగా మరి?" అన్నారు మా ఆయన.

"పడుతుంది. పడ్డ ధరకైనా వారంలో చేతికిస్తారు. అందులోనూ మన డబ్బులో సగమే పెడదాం. మిగతాది బ్యాంకులోనే ఉండనీండి, వడ్డీ రాకపోయినా సరే."

ఆయన ఈసారి జోకు వెయ్యలేదు. అమ్మాయి గది తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించి, "మీవాళ్లు మళ్లీ తీసేస్తారంటావా?" అని అడిగారు.

"తెలీదండీ" అన్నాను.