కంప్యూటర్ షాపులో గోళ్ళ రంగు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. చేపల వేలంలో మా అమ్మ పక్కన కూర్చుని పెరిగినదాన్ని. బుట్టలో పైవరుస మెరిసిపోతుంటే, చెయ్యి పెట్టి కిందివరుస తీసి చూడందే ఊరుకోను. మా ఆయనదీ వేటకెళ్ళే కుటుంబమే కానీ, ఎవరేం చెప్పినా తలూపేసే రకం. ఆయన వాటా అనుమానం కూడా నేనే పడాల్సి వచ్చేది.

విశాఖలో ఇళ్ళకు కంప్యూటర్లు బిగించి ఇచ్చిన మొదటివాళ్ళలో ఆయనొకరని ఇప్పుడు అందరూ అంటారు. తొంభైల మొదట్లో మాత్రం పిచ్చి పట్టిందన్నారు. పాలిటెక్నిక్ చదివి, పోర్టు దగ్గర ఒక ఆఫీసులో కంప్యూటర్ గదిలో పనిచేసేవారు. చెప్పులు బయట విప్పి వెళ్ళాల్సిన ఏసీ గది. "దేవుడి గదేటి?" అని మా మామ వేళాకోళం చేసేవాడు. ఆ ఉద్యోగం మానేసి, మద్రాసు నుంచి మదర్‌బోర్డును తువ్వాల్లో చుట్టి, రైల్లో చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. మా మొదటి కంప్యూటర్ పుట్టింది వంటింటి అరుగు మీద. అది పనిచేసిన రోజు ఆయన అన్నం కూడా తినలేదు. నాకు మాత్రం ఆ నల్లటి తెర మీద అక్షరాలు చూస్తుంటే ఇది మమ్మల్ని ఎక్కడ ముంచుతుందోననే అనుమానమే.

తర్వాత ద్వారకానగర్‌లో ఒక మేడ మీద గది తీసుకున్నాం. నా తమ్ముడు కూడా పనిలో చేరాడు. సముద్రపు గాలికి కంప్యూటర్ లోపలి ముక్కల అంచులు పాచిపట్టినట్టు అయ్యేవి. స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దితే మళ్ళీ బతికేవి. ఆ కిటుకు ఊళ్ళో ముందు కనిపెట్టింది మా ఆయనే.

కానీ కంపెనీ పేరు లేని కంప్యూటరంటే జనానికి మహా అనుమానం. రిపేరుకిస్తే మంచి ముక్క తీసేసి పాతది పెట్టేస్తారని పుకారు. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే ఒక గోదావరి ఆయన స్టూలు వేసుకుని, రిపేరు అయ్యేదాకా కన్నార్పకుండా కూర్చునేవాడు. "మిమ్మల్ని అనడం లేదండీ, రోజులు బాగోలేవు కదండీ" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. నేను ఎవర్నైనా అనుమానించొచ్చు గానీ, మమ్మల్ని ఎవరైనా అనుమానిస్తే నేను ఊరుకోను.

మా ఆయనకు కోపం రాలేదు. మా ఒడ్డున వలలు తేలడానికి కట్టే బెండ్ల మీద ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో రంగుతో తమ గుర్తు వేసుకుంటారు. వలలు చిక్కుపడినా ఎవరివి వాళ్ళు ఏరుకుంటారు. ఇంకొకరి రంగు గీకినవాణ్ణి ఎవరూ పడవ ఎక్కనివ్వరు. ఆయన ఆ పద్ధతినే షాపుకు తెచ్చారు. బల్లమీద గోళ్ళ రంగు సీసాలు వరసగా పెట్టి, "మీ రంగు మీరే పెట్టండి" అనేవారు. డబ్బా విప్పగానే వచ్చినవాళ్ళే లోపలి ప్రతి ముక్క మీదా చుక్క పెట్టుకునేవాళ్ళు. మీసాల పెద్దమనుషులు గోళ్ళ రంగు ఎంచుకోవడం చూసి నవ్వాపుకోలేకపోయేదాన్ని. ఆ చుక్కలతోనే మాకు పేరొచ్చింది.

ఒకరోజు ఆనందపురం ఎరువుల వ్యాపారి కంప్యూటర్ రిపేరుకు వచ్చింది. కొత్తదని చెప్పి మా తమ్ముడు అమ్మినదే. అప్పటికి నాకూ డబ్బా విప్పడం వచ్చు. లోపల ర్యామ్ ముక్క మీద ఏదో గీకిన జాడ, మూలన కాస్త నారింజ రంగు. ఆ రంగు కోరింది ఒక్క దువ్వాడ లెక్చరర్ గారే. దుమ్ము దులిపే వంకతో దువ్వాడ వెళ్ళి ఆయన కంప్యూటర్ విప్పి చూశాను. అక్కడ కొత్త ర్యామ్ ఉంది, దానిమీద నారింజ రంగూ ఉంది. కానీ అది చుక్క కాదు, అడ్డంగా కొట్టిన రెండు గీతలు. మా అత్తవారి బెండ్ల మీద ఉండే గుర్తు.

షాపుకొచ్చి మా ఆయన్నే అడిగాను. "దువ్వాడ మేస్టారి ర్యామ్ మీద రంగు నువ్వే ఏసినావా?"

రబ్బరుతో రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఏటీ నేదే" అన్నారు ముందు. నేను కదల్లేదు. "నీ తమ్ముడు తీసినయన్నీ నాను కొత్తయి ఎట్టేసినాను. ఎవులికీ నష్టం నేదు."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే ఆడ్ని గుమ్మం ఎక్కనిత్తావా? మీ యమ్మ ఊరుకుంతాదా? నీకు పుట్టిల్లుండాల గదే."

జాలిపడాల్సింది పోయి నాకు కడుపు మండింది. తమ్ముడు మోసం చేసింది ఊరివాళ్ళని. ఈయన దాచింది నా దగ్గర.

తమ్ముణ్ణి ఆ సాయంత్రమే నిలదీశాను. "అందరూ సేత్తన్నారే అప్పా. బావకి నేని నొప్పి నీకేటి?" అన్నాడు. రేపట్నుంచి రావద్దన్నాను. "ఇనప ముక్క కోసం తమ్ముణ్ణి ఒగ్గేసినావా?" అని అమ్మ తలుపేసేసింది. మళ్ళీ ఆ తలుపు తట్టలేదు నేను. మా ఆయన మంచితనం వల్ల నిలిచిందనుకున్న షాపు నా మొండితనం వల్లే నిలిచిందని గట్టిగా నమ్మాను.

రెండు వేల సంవత్సరం తర్వాత కంపెనీ లాప్‌టాప్‌లు వచ్చాయి, మా గది చిన్నబోయింది. అప్పుడు దువ్వాడలో ఒక కాలేజీవాళ్ళు మా ఆయనకు శాలువా కప్పారు. ఊరికి కంప్యూటర్ నేర్పినవాడని పొగిడారు. సభ అయ్యాక చూస్తే వెనక వరసలో మా తమ్ముడు. ఏం అడగడానికొచ్చాడో అనుకుంటూ బిగుసుకుపోయాను.

వాడి పక్కనున్న పాప, అచ్చం వాడి పోలికే, పరుగెత్తుకొచ్చి మా ఆయన ఒళ్ళోకి ఎక్కేసింది. అడక్కుండానే చొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టి చాక్లెట్ తీసుకుంది. అలాంటి జేబు ఒకటుందని నాకే తెలియదు. ఆయన నా వైపు చూడలేదు. పాప చాక్లెట్ విప్పుకుంటూ నన్ను ఎగాదిగా చూసి అడిగింది.

"ఈవిడెవులు మావయ్యా?"