మోహైరుకు చింతగింజల గంజి

టాంపినీస్‌లో మా ఎదురు ఫ్లాట్ ఆంటీ హాల్లో సోఫా ఉండాల్సిన చోట మగ్గం ఉండేది. నాకంటే చిన్నదే అయినా, నా మనవరాలు పిలిచే 'ఆంటీ' పిలుపే నాకూ అలవాటైంది. ఆమె సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగామె. కంప్యూటర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. ఆమె కూతురు పెద్ద పెద్ద కంప్యూటర్లుండే గదిలో పని చేసేది. అక్కడి ఏసీకి పిల్ల వణికిపోతోంది, ఉన్ని కప్పుకుంటే ఒళ్లంతా గుచ్చుకుంటోంది. అందుకని ఆంటీ ఆస్ట్రేలియా నుంచి అంగోరా మేకపిల్లల తొలి కత్తిరింపు బొచ్చు ఒక్క సంచి తెప్పించింది. దాన్నే మోహైర్ అంటారు. ఒక శాలువాకు సరిపోతుంది, అంతే.

మాది గొంగళ్లు నేసే ఇల్లని తెలిసి సంచి నా చేతిలో పెట్టింది. నులిమితే ముద్దకడుతుందని, సబ్బు కలిపిన వేడినీళ్లలో కదపకుండా నానబెట్టి జిడ్డు వదిలించాను. నీడన ఆరాక గరుకు వెంట్రుకలు ఏరేసి కదురు మీద వడికాను. మెరుపు చూస్తే అచ్చం పట్టే. కానీ మగ్గం మీదికి నిలువు పోగుల పడుగు ఎక్కించాక పోగుకు పోగు అంటుకుని విడిరాలేదు.

మా ఊళ్లో గొంగడి పడుగుకు చింతగింజల గంజి పెడతాం. ఆంటీని అడగాలని కూడా తోచలేదు. ఆమె మార్కెట్‌కు వెళ్లి వచ్చేలోగా, వేయించి పొట్టు తీసి నానబెట్టుకున్న గింజలను మిక్సీ పట్టి, ఉడికించి, కుంచెతో పూసేశాను.

"అమ్మమ్మా, లైక్ దట్ కెనాట్ లా!" అంది నా మనవరాలు, అలా చేయకూడదని అక్కడి ఇంగ్లీషులో.

సాయంత్రానికి పోగులు చీపురుపుల్లలయ్యాయి.

"ఐయయ్యో అక్కా! మేకపిల్ల బొచ్చుకి దోసెపిండి పూసినావా?" అంది ఆంటీ.

"నేసి చూడు చెల్లె. కడిగితే పోతది," అన్నాను. పోతుందో లేదో నాకేం తెలుసు? గొంగడికి పెట్టిన గంజిని మేం ఎప్పుడూ కడగలేదు.

ఆమె నాలుగు రోజులు నాతో సరిగా మాట్లాడకుండానే నేసింది. ఒక్క పోగు అంటుకోలేదు, ఒక్కటీ తెగలేదు. శాలువా మాత్రం అట్టముక్కలా నిలబడింది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో వేసి, బకెట్‌కు చెరో పక్కన కూర్చున్నాం. మూడుసార్లు నీళ్లు మార్చాక గంజంతా దిగింది. ఆరబెట్టి తలదువ్వే బ్రష్‌తో మెల్లగా దువ్వితే నూగు లేచింది.

కూతురు దాన్ని చెంపకు ఆనించుకుని, "మమ్మీ, గుచ్చట్లేదు లా!" అంది. మర్నాడే ఆఫీసుకు కప్పుకుపోయింది.

"ఆ గంజి ఎలా కాచాలో రాసివ్వక్కా," అంది ఆంటీ.

అరవై దాటాక, మనవరాలి పక్కన కూర్చుని దాని తెలుగు వాచకం చూసి అక్షరాలు దిద్దినదాన్ని. ఒక పూటంతా పట్టింది రాయడానికి. ఆంటీకి తెలుగు చదవడం రాదు. అయినా ఆ కాగితం మగ్గానికి అంటించుకుంది. గంజి కాచే రోజున మా బెల్లు కొట్టి, "వచ్చి కొంచెం చదివిపో అక్కా," అనేది.